గాజులత్త పథ్యం

పోయిన నెలలో మా మనవరాలిని ఒంగోలులో ఒక డాక్టరమ్మకు చూపించాం. మనవరాలంటే నా కూతురి కూతురు. ముప్పై అయిదేళ్ళ పిల్ల, పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు. డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితాలు తిరగేసి, "మన ఒంట్లో కాపలా కాసేవాళ్ళే మన కీళ్ళను పరాయివాళ్ళనుకుని కొడుతున్నారమ్మా, అదీ ఈ జబ్బు" అని చెప్పింది. మాత్రలు రాసింది. మాత్రలు మానకూడదని రెండుసార్లు గట్టిగా చెప్పింది. ఆ తర్వాత ఒక అచ్చు కాగితం తీసి పిల్ల చేతిలో పెట్టింది. అందులో ఉన్నవన్నీ ఆరు వారాలు మానెయ్యాలట. ఆ పైన ఒక్కొక్కటీ, నాలుగేసి రోజులు ఎడమిచ్చి, తిరిగి మొదలుపెట్టాలట. ఏది తిన్నప్పుడు వాపు వస్తుందో కనిపెట్టాలట.

"ఇది కొత్త పద్ధతి అమ్మమ్మా, నీకర్థం కాదులే" అంది మా పిల్ల బయటికొచ్చాక.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఎనభై దాటిన ముసలిది ఆస్పత్రి మెట్ల మీద కూచుని ఏడుస్తుంటే పిల్ల బెదిరిపోయింది. ఏం చెప్పను? ఆ కాగితంలో ఉన్నదంతా నేను అరవై ఏళ్ళ కిందట మార్కాపురంలో, మా అత్తగారింటి అరుగు మీద విన్నాను. చెప్పినావిడకు అక్షరమ్ముక్క రాదు. ఆమె గాజులమ్ముకునేది.

ఆమె పేరు నాకు తెలియదు. ఇలా చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నా బతుకు నిలబెట్టిన మనిషి పేరు నేనెన్నడూ అడగలేదు. మా అత్తగారు ఆమెను "వదినా" అని పిలిచేది, ఆమె మా అత్తగారిని "వదినా" అనేది. నేను "గాజులత్తా" అనేదాన్ని. మేము కోమట్లం, ఆమె ముసల్మాను. ఊళ్ళో వరసలకు అదేం అడ్డం కాదు. పేర్లు కచేరీ కాగితాల్లో రాసుకోవడానికి గానీ పిలుచుకోవడానికి కాదని మా అందరి లెక్క. ఆమె ఎప్పుడు పోయిందో కూడా నాకు కబురు రాలేదు.

అప్పటికి మాది కర్నూలు జిల్లా. ఆ కర్నూలే రాజధానిగా ఉన్న రోజులు. మగవాళ్ళు ఏ చిన్న పని ఉన్నా "రాజధానికి పోయొస్తా" అని మీసం దువ్వుకునేవాళ్ళు. మా మామగారిది పలకల వ్యాపారం. అరుగంతా గడ్డి చుట్టిన పలకల కట్టలే. ఆ కట్టల మధ్య కాస్త చోటు చూసుకుని గాజులత్త మలారం దించేది. మలారమంటే తాళ్ళకు గుచ్చి భుజాన వేసుకునే గాజుల మోపు. కంభం నుంచి రైల్లో వచ్చి, స్టేషన్ నుంచి ఊళ్ళోకి అంత దూరమూ ఆ బరువుతో నడిచే వచ్చేది. జట్కావాడు "ఎక్కు బీబీ, ఊరికే ఎక్కు" అని పిలిచినా ఎక్కేది కాదు.

"నడిస్తే మోకాళ్ళు మాట వింటాయి. కూచోబెడితే మొండికేస్తాయి" అనేది.

సన్నగా, పొడుగ్గా, ముక్కుకు చిన్న పుడకతో ఉండేది. చేతులు మాత్రం చూడలేము. వేళ్ళు అల్లం కొమ్ముల్లా తిరిగిపోయి ఉండేవి. కొత్తగా చూసినవాళ్ళు ఈమె గాజులు తొడగడమేమిటి, పగలగొడుతుంది గానీ అనుకునేవాళ్ళు. కానీ ఆ వంకర వేళ్ళతో మన అరచెయ్యి పట్టుకుని, బొటనవేలిని లోపలికి మడిచి, కణుపుల మీద ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి గాజును తిప్పుతూ ఎక్కిస్తే, ఎక్కిందని మన చెవికి తెలియాలే గానీ చేతికి తెలిసేది కాదు. సైజు అడిగేది కాదు. చెయ్యి పట్టుకుని, "రెండూ నాలుగు" అనేది, లేదా "రెండూ ఆరు" అనేది. పొరపాటు పడ్డది నేను చూడలేదు. ఊళ్ళో ఏ ఆడమనిషి చెయ్యి ఎప్పుడు లావైందో, ఎప్పుడు చిక్కిందో ఆమె చెప్పగలదు. ఎందుకు చిక్కిందో కూడా ఆమెకు తెలుసు గానీ, అది మాత్రం చెప్పేది కాదు.

ఆమెలో మా అత్తగారికి గిట్టని గుణం ఒకటుంది. మా ఇంట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. మేము ఆమె కోసం చూరులో వేరే గ్లాసు బోర్లించి పెట్టినవాళ్ళం. అది తప్పని అప్పట్లో మాకు తోచనే లేదు. ఆ గ్లాసు ఆమె ముట్టకపోతే మాత్రం మాకు తల కొట్టేసినట్టుండేది!

"మనం పెట్టిందానికి ఆమెకు అంటు అంట! కలికాలం" అని మా అత్తగారు లోపలికొచ్చి గొణిగేది.

అంటూ కాదు, ఆచారమూ కాదు. వాళ్ళ పండక్కి వాళ్ళింట్లో కూడా ఆమె తినేది కాదని నాకు తర్వాత తెలిసింది. తన గుడ్డసంచిలో కొర్రన్నం, ఉడికిన సొరకాయ ముక్కలు, ముంతలో కాచిన నీళ్ళు తెచ్చుకునేది. పొద్దు నెత్తికొచ్చాక గోడ వైపు తిరిగి తినేది. నూరు ఇళ్ళలో నూరు రకాల పోపుల వాసన పీలుస్తూ తిరిగే మనిషి, ఒక్క ఇంట ఒక్క మెతుకు నోట పెట్టలేదు.

నాకు తొలికాన్పు గిద్దలూరులో, పుట్టింట్లో అయింది. ఆడపిల్ల. పాపకు నాలుగో నెల వచ్చేసరికి నా వేళ్ళు ఉబ్బడం మొదలుపెట్టాయి. బాలింత నీరు అన్నారు. అయిదో నెలలో మార్కాపురం వచ్చేసరికి పొద్దున పూట చీర కుచ్చెళ్ళు పెట్టుకోలేకపోయేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. అత్తగారింట్లో కొత్తకోడలికి జబ్బు ఉండకూడదు, ఉన్నా కనిపించకూడదు.

పాపతో వచ్చిన కోడలికి గాజులు తొడిగించాలని మా అత్తగారు గాజులత్తను పిలిచింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. గాజు తియ్యలేదు. ఒక్కొక్క కణుపునూ నొక్కి చూసింది.

"వదినా, రవ్వంత గోరువెచ్చని నీళ్ళు తెచ్చియ్యి, సబ్బు రాయాల" అని మా అత్తగారిని లోపలికి పంపింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ళాయె?"

"ఏంది అత్తా?"

"ఈ వాపు. పెండ్లిలో నీది రెండూ నాలుగు. ఈ దినం రెండూ ఎనిమిది కూడా ఎక్కదు. అబద్ధం చెప్పొద్దు బిడ్డా, చెయ్యి నా చేతిలో ఉండాది."

నాకు ఏడుపు ఆగలేదు. మా అత్తగారు నీళ్ళతో వచ్చేసరికి సంగతి బయటపడిపోయింది.

సర్కారు ఆస్పత్రి డాక్టరు మాత్రలిచ్చాడు. వేసుకున్న పూట నొప్పి తగ్గేది, పొద్దునకు మళ్ళీ వచ్చేది. మా మామగారు తనకు తెలిసిన నాటువైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన ఏదో చూర్ణం ఇచ్చి మండలం పథ్యం పెట్టాడు. ఉప్పు, పులుపు, కారం, నూనె, పెసర తప్ప పప్పులు, గోధుమ, పాలు, పెరుగు ఏవీ కూడదు. కొర్రన్నం, పెసరకట్టు, సొరకాయ, పొట్లకాయ. నలభై రోజులు ఆ చప్పిడి తిన్నాను. తిన్నానంటే మింగాను. ఇరవయ్యో రోజుకు వాపు తియ్యడం మొదలైంది. నలభయ్యో రోజుకు పాపను రెండు చేతులా ఎత్తుకుని వీధి గుమ్మం దాకా నడిచాను.

ఇల్లంతా సంబరం. మా వైపు పథ్యం విడవడమంటే చిన్న పండగ. మండలం నోరు కట్టుకున్న మనిషికి తలంటు పోసి, కొత్త చీర కట్టించి, ఇంట్లో ఉన్న రుచులన్నీ ఒకే విస్తట్లో పెట్టాలి. మా అత్తగారు తెల్లవారుజామునే పొయ్యి వెలిగించింది. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, బొబ్బట్లు, ఆవడలు, గడ్డపెరుగు. "తిను తల్లీ, తిను" అని కొసరి కొసరి వడ్డించింది. ఆమె ప్రేమకు వంక పెట్టను. నేనూ ఆబగా తిన్నాను. బొబ్బట్లు నాలుగు తిన్నాను, దాచడమెందుకు.

మూడోనాటి పొద్దున నీళ్ళచెంబు ఎత్తలేకపోయాను. అయిదోనాడు పాపకు పాలిచ్చి పక్కకు తిప్పుకుంటుంటే చెయ్యి పట్టు తప్పింది. పాప మంచం అంచు నుంచి జారింది. మా తోడికోడలు, మా బావగారి భార్య, పరుగున వచ్చి నేల తగిలేలోపల అందుకుంది.

మా తోడికోడలికి పెళ్ళయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. ఆ రోజు పాపను గుండెకు హత్తుకున్నప్పుడు ఆమె మొహం నేను చూశాను. ఆమెను ఒక్క మాట అనను, ఆమె చాలా మంచిది. కానీ నాకు భయం వేసింది.

ఆ సాయంత్రం మా అత్తగారు నా దగ్గర కూచుంది. "నువ్వు చెడ్డదానివని కాదమ్మా. నీ చేతులు చెడ్డవి. మీ నాయనకు కబురు చేస్తా, నువ్వు గిద్దలూరు పోయి నిమ్మళంగా బాగు చేసుకో. బిడ్డ ఈడనే ఉంటాది, పెద్దకోడలు చూసుకుంటాది. ఆరునెల్లు దాటె, గేదెపాలు అలవాటు చేస్తాం."

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. తల్లి మాటకు ఎదురుచెప్పే మనిషి కాదు. తల వంచుకుని బయటికి పోయాడు. అలా పుట్టింటికి పోయి ఏళ్ళ తరబడి తిరిగి రాని ఆడవాళ్ళు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. బాగయ్యాక రమ్మంటారు. బాగవడమనేది ఎవరు తేలుస్తారు?

ఆ వారంలోనే గాజులత్త వచ్చింది. మలారం దించకముందే నా చేతులు చూసింది. ఏమైందని అడిగింది. పథ్యం సంగతి, విస్తరి సంగతి చెప్పాను. ఆమె రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది.

"అన్నీ ఒక్కసారే తిన్నావా? తలుపులన్నీ ఒక్కసారే తెరిస్తే దొంగ యాడ నుంచి వచ్చినాడో ఎట్ల తెలుస్తాది బిడ్డా? నలభై దినాల కష్టం ఒక్క విస్తట్లో పోసుకుంటివే!"

మా అత్తగారు కసిరింది. "నీదంతా చోద్యం వదినా. పథ్యం విడవడం మా తాతల నాటి నుంచి ఇట్లనే. వైద్యం పారలేదు, దాని రాత అంతే."

"నాకూ ఇట్లనే వదినా" అంది గాజులత్త, తన చేతులు ముందుకు చాపి. "మీకు మండలం, మాకు రంజాన్."

అప్పుడు చెప్పింది తన కథ. ఇద్దరమూ అరుగు మీద కూచుని విన్నాం. తన చేతులు మేమెవరమూ పుట్టకముందే పాడయినట్టు చెప్పింది, అంత తాపీగా. రంజాన్ నెలంతా ఉపవాసం. పేదిల్లు కాబట్టి తెల్లారకముందు కొర్రగంజి, పొద్దుగూకినాక కొర్రగంజి, రెండు ఖర్జూరాలు. నెల తిరిగేసరికి వేళ్ళు తేలికపడేవట. పండగనాడు ఇంటింటా పెట్టినవన్నీ తినేదట. మూడోనాటికి ముంత ఎత్తలేకపోయేదట. మొదట దేవుడి పరీక్ష అనుకుంది. రెండో ఏడూ అట్లాగే అయ్యేసరికి దేవుడికి పండగ వెళ్ళిన మూడోనాడే పరీక్ష పెట్టాలని ఎందుకు తోస్తుందా అని ఆలోచించింది.

"ఆ తర్వాత పండక్కి ఒక్క పలావే తిన్నా. ఇంకేమీ ముట్టలే. ఏమీ కాలే. మరుసటేడు వంకాయ, పప్పేసిన దాల్చా తిన్నా. ఏమీ కాలే. ఇంకో ఏడు పాలు, చక్కెర. ఏమీ కాలే. నాలుగో ఏడు మిరపకాయ బజ్జీలు కడుపునిండా. అయిదో పండక్కి సేమ్యా తిన్నా. దొరికినాడు దొంగ!" అని చప్పట్లు కొట్టింది. "గోధుమ. పండగ దినం నోరు తీపి చేసే సేమ్యానే నా చేతులు తిన్నది. అప్పటి నుంచి ఎవరి గిన్నెలో ఏం తగిలుంటాదో అని ఒకరింట నీళ్ళు కూడా ముట్టను."

అయిదు పండగలు. ఏడాదికొక్క పరీక్ష. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య నొప్పులు పడుతూ, మలారం మోస్తూ, ఊళ్ళు తిరుగుతూ, మళ్ళీ రంజాన్ కోసం కాచుకోవడం. ఆమెకు ఎవరూ చెప్పలేదు, చదువు లేదు, పక్కన ఆ దారి తెలిసినవాళ్ళు లేరు. అంత ఓపిక మనుషుల్లో ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

"ఏడాది దాకా ఎందుకాగినావు వదినా? నెల తర్వాత చూసుకోకూడదా?" అని మా అత్తగారే అడిగింది, తెలియకుండానే కథలో పడిపోయి.

"అప్పటికి తెల్వదే! రోజా, అదే ఉపవాసం, ఉంటేనే చేతులు తేలికయితాయి అనుకుంటి. గంజితోనే అయితాయని తెలిసేసరికి వేళ్ళు వంకరపోయినాయి."

ఆ తర్వాత బేరం మొదలుపెట్టింది. గాజుల బేరంలో రవ్వంత కూడా తగ్గని మనిషి, ఆ రోజు నా కోసం మా అత్తగారి ముందు గంటసేపు బతిమాలింది. నాలుగు నెలలు గడువిమ్మంది. మళ్ళీ నలభై రోజుల చప్పిడి, ఆ పైన ఒక్కొక్కటే విడవడం. మా అత్తగారు చివరికి ఒప్పుకుంది గానీ, ఆ నాలుగు నెలలూ పాప పెద్దకోడలి దగ్గరే పడుకోవాలంది. పాలివ్వడానికి మాత్రం తెచ్చి నా పక్కలో వేస్తారు.

గాజులత్త మలారంలోంచి ఒక నల్లగాజు తీసి నా చేతిలో పెట్టింది. "రోజూ పొద్దున లేస్తూనే, నీళ్ళు తగలకముందు ఎక్కించి చూడు. కణుపు దాటితే దినం మంచిది. ఆగిపోతే, కొత్తగా ఏం తిన్నావో దాన్ని పట్టుకో."

"ఇత్తడి కడియం ఇయ్యరాదా అత్తా? ఇది పగిలిపోతే?"

"కడియమైతే బలవంతంగా తోసి ఎక్కిందంటావు. గాజు దగ్గర నీ బలవంతం చెల్లదు" అంది.

ఇంకా చాలా చెప్పింది. డాక్టరయ్య మాత్ర మానొద్దంది, "ఆయన పని ఆయనది, నీ నోటి పని నీది." చీకటి పడగానే పడుకోమంది. పొద్దున గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి వేళ్ళు ఆడించమంది. దొడ్లో పది చుట్లు నడవమంది. మా తోడికోడలి మీద కోపం పెట్టుకోవద్దంది. "కోపమూ ఒక తిండే బిడ్డా. దాన్ని కూడా నలభై దినాలు మాను, ఏమయితాదో చూడు." అన్నింటిలోకీ అదే కష్టమైంది.

పక్షానికొకసారి వచ్చి చూసేది. నలభై రోజులకు నల్లగాజు ఎక్కింది. ఈసారి తలంటు లేదు, విస్తరి లేదు. మొదట ఉప్పు. నాలుగు రోజులకు కందిపప్పు. తర్వాత చింతపండు. తర్వాత మిరపకాయ. వాతానికి వంకాయే మూలమని ఊరంతా అంటుంది కాబట్టి వంకాయ తిన్న రోజు ఇంట్లో అందరూ నా చేతుల వైపే చూస్తూ గడిపారు. ఏమీ కాలేదు. అన్నేళ్ళు నింద మోసిన వంకాయ మా ఇంట నిర్దోషిగా తేలింది. గోధుమరవ్వ దగ్గర గాజులత్త తానే వణికింది. దానికీ ఏమీ కాలేదు.

"నా దొంగ వేరే, నీ దొంగ వేరే" అంది ఆమె, ఊపిరి వదిలి.

ఆ తర్వాత మజ్జిగ మొదలుపెట్టాం. మూడోనాటి పొద్దున గాజు కణుపు దగ్గర ఆగిపోయింది.

మా అత్తగారు నమ్మలేదు. మా ఇంటి గేదె ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చినది, వీధిలో దానంత చిక్కటి పాలు ఇంకెవరింటా లేవని ఆమె గొప్ప. "మజ్జిగతో వాపేంది? చల్లగాలి తగిలుంటాది" అంది. మానేశాను. వారం పైగా పట్టింది గాజు మళ్ళీ ఎక్కడానికి. తిరిగి మజ్జిగ తాగాను. మళ్ళీ ఆగింది. "నువ్వు భయపడతా తాగినావు, అందుకే" అంది మా అత్తగారు.

మళ్ళీ మానేశాను. గాజు ఎక్కింది. ఇంక పది పన్నెండు రోజుల్లో గడువు తీరుతుందనగా, ఉన్నట్టుండి ఒకరోజు గాజు ఆగిపోయింది. మర్నాడు ఇంకా కింద ఆగింది. కొత్తగా నేనేమీ తినలేదు. ఇన్నాళ్ళ పథ్యమూ భ్రమేనేమో, గాజులత్త కథంతా కథేనేమో అనిపించింది. పక్క గదిలో మా తోడికోడలు పాపను ఆడిస్తూ నవ్వుతోంది, పాప కూడా నవ్వుతోంది. మా నాయనకు ఎప్పుడు కబురు పెడతారా అని చూస్తూ కూచున్నాను.

గాజులత్త వచ్చింది. వేళ్ళు నొక్కి చూసి, అయిదు రోజుల నుంచి నోట్లోకి పోయినవన్నీ వరసగా చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. ఏ కొత్తా లేదు.

"వండేది ఎవరు?" అంది.

గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది. మెల్లగా చెప్పింది.

"నేనే. గంజిలో గరిటెడు పాలు కలుపుతాండా. నాలుగు దినాల నుంచి. పాలిచ్చే పిల్ల, ఒంట్లో సత్తువ ఉండదని కలిపినా. దానికి తెలియకపోతే వాపు రాదేమో చూద్దామని కూడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. గాజులత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆమె మొహంలో కోపం లేదు. నిజం చెప్పాలంటే వెలిగిపోతోంది.

"మంచి పని చేసినావు వదినా! ఇది భయపడి వచ్చిన వాపు కాదని నువ్వే తేల్చినావు. ఇంత గట్టి సాక్ష్యం నాకు అయిదు పండగలకూ దొరకలే."

మా అత్తగారు లోపలికి పోయి, నా గంజిగిన్నెను తానే బూడిద పెట్టి తోమింది. ఆ రోజు నుంచి నా గిన్నె, నా గరిటె పాల వైపుకు పోనివ్వలేదు. అన్ని రుచులూ తిరిగి వచ్చాయి, పాలూ పెరుగూ నెయ్యీ తప్ప. అరవై ఏళ్ళుగా అవి నాకు లేవు. జబ్బు మాయమైపోయిందని చెప్పను. చలికాలంలో ఇప్పటికీ సణుగుతుంది, డాక్టర్లు మారారు, మాత్రలు మారాయి, రెండు వేళ్ళు వంగే ఉన్నాయి. కానీ ఆ వేళ్ళతోనే ముగ్గురు పిల్లల్ని పెంచాను.

గడువు తీరిన పొద్దున నల్లగాజు కణుపు దాటి మణికట్టు మీదికి జారింది. మా అత్తగారు చూసింది. పెద్దకోడలి గదిలోకి పోయి పాపను ఎత్తుకొచ్చి నా రెండు చేతుల్లో పెట్టింది. "పట్టుకో, గట్టిగా పట్టుకో" అంది. నేను గట్టిగానే పట్టుకున్నాను. మా తోడికోడలు గోడ వైపు తిరిగి పాప గుడ్డలు మడతపెడుతూ ఉంది. ఆ సంతోషంలో నేను ఆమె దగ్గరికి పోలేదు. పోవాల్సింది.

పక్షం తర్వాత గాజులత్త వచ్చినప్పుడు మా అత్తగారు కొత్త చీర పళ్ళెంలో పెట్టి ఎదురొచ్చింది. గాజులత్త ముట్టలేదు. ఎంత చెప్పినా వద్దంది. మరి ఏం కావాలని అడిగితే సిగ్గుపడ్డట్టు తల వంచుకుంది.

"పిల్లను ఒక్కసారి నా ఒళ్ళో పెట్టండి" అంది.

మా అత్తగారే తీసుకెళ్ళి పెట్టింది. గాజులత్త గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపుకుంది. చేతులు మాత్రం పాపకు తగలనివ్వకుండా పక్కన నేల మీద పెట్టుకుంది. పాప ఆమె ఒళ్ళో బోర్లా పడి మలారంలోని గాజుల్ని గలగలలాడిస్తోంది.

"చేత్తో పట్టుకో వదినా, ఏం కాదు" అంది మా అత్తగారు.

"పట్టు ఉండదు వదినా. జారిపోతాది." ఆమె పాప తల వైపే చూస్తూ చెప్పింది. "నాకూ ఒక ఆడబిడ్డ. ఎత్తుకోలేకపోతి. రెండుసార్లు జారిపడె. నంద్యాలలో నా చెల్లెలికి ఇచ్చేస్తి, చేతులు బాగయినాక తెచ్చుకుంటానని. దొంగ దొరికేసరికి అయిదు పండగలాయె కదా. తెచ్చుకుందామని పోతే, అది చెల్లెలి చెంగు పట్టుకుని దాక్కునె. చెల్లెలిని అమ్మీ అంటాది. నన్ను ఖాలా అంటాది, పెద్దమ్మ అని."

మా అత్తగారు ఆమె పక్కనే నేల మీద కూచుని, తన చెయ్యి చాచి పాప జారకుండా అడ్డం పెట్టింది. పాప ఆడి ఆడి ఆ ఒళ్ళోనే నిద్రపోయింది. గాజులత్త కాళ్ళు తిమ్మిరెక్కే ఉంటాయి, కదల్చలేదు. కంభం బండికి వేళవుతోందని మాలో ఎవరమూ అనలేదు.